పన్నెండో చెక్క

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులు దొర్లుతాయి, సర్దుకుని చదవండి. యాభై అయిదో ఏట పలక పట్టినదాన్ని. ఒక పేజీ నిండడానికి నాకు ఒక పూట పడుతుంది. పత్రిక వాళ్ళు మంగళవారం మధ్యాహ్నానికల్లా అందాలంటారు. సోమవారం పొద్దున్నే కూర్చుంటే ఎలాగో గట్టెక్కుతున్నాను.

పోయిన వారం ఎక్కడ ఆపానంటే, పెద్ద మాస్టారు మెట్లెక్కి వచ్చి, గుమ్మం దగ్గర బూట్లు విడిచి, లోపలికి తిరిగి వంగి నమస్కరించి, ఎవరినీ పలకరించకుండా సరాసరి గోడ దగ్గరికి నడిచారు. మేకుకి ఉన్న ఫ్రేము తీశారు. తీసి బల్ల మీద బోర్లా పెట్టారు.

కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. మా కోడలు టైర్ల షాపు పైఅంతస్తులో తొమ్మిదేళ్ళుగా టైక్వాండో బడి నడుపుతోంది. అది కొరియా వాళ్ళ విద్య, చేతులకన్నా కాళ్ళకి పని ఎక్కువ. ఆ బడిలో నేల తుడవడం, బెల్టులు సర్దడం, పరీక్షల్లో విరగ్గొట్టే చెక్కలు కోయడం నా వంతు. మా ఆయన వడ్రంగి. ఆయన పోయాక రంపం నా చేతికొచ్చింది.

మూడు వారాల కిందట నల్ల బెల్టు పరీక్ష జరిగింది. బేకరీ నడిపే ఆవిడ ఒకరు మూడేళ్ళుగా నేర్చుకుంటోంది, నలభై ఆరేళ్ళ మనిషి. ఆవిడే మొదటగా చెక్క ముందు నిలబడింది. నాలుగుసార్లు తన్నింది. చెక్క విరగలేదు, ఆవిడ పాదంలో ఎముక విరిగింది. పరీక్ష అక్కడితో ఆగిపోయింది. సరిగ్గా నేర్పకుండానే పరీక్షకి నిలబెట్టారట అన్న మాట నలుగురి నోళ్ళలో నలిగి నలిగి పెద్ద మాస్టారి దాకా వెళ్ళింది. ఆయన మా కోడలికి ఈ విద్య నేర్పిన మనిషి, కొరియాలో పన్నెండేళ్ళు ఉండి వచ్చారు. ఆయన ముద్ర ఉన్న అనుమతి పత్రమే ఆ ఫ్రేములో ఉన్నది. అది గోడ మీద ఉంటేనే మేము కట్టే బెల్టుకి బయట విలువ. అది దిగిందంటే బడి దిగినట్టే.

సరే, ఇప్పుడు కథలోకి వస్తాను.

ఆవేళ శనివారం, పొద్దున పది గంటలు. పిల్లలెవరినీ రావద్దని చెప్పాం. ఎరుపూ నీలమూ గళ్ళు అతికించినట్టుండే రబ్బరు నేల మీద కిటికీలోంచి ఎండ పడుతోంది. అరవై మంది తొక్కే నేల అలా ఖాళీగా ఉంటే చూడ్డానికి ఏమిటోగా ఉంది. మా కోడలు తెల్లటి దుస్తుల్లో, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. మాస్టర్లు అలాగే నిలబడాలట. నేను స్టోరు గది తలుపు దగ్గర, చేతిలో తుడిచే గుడ్డతో. తుడవడానికి ఏమీ లేదు. ఉత్త చేతులతో నిలబడటం చేతకాక పట్టుకున్నాను.

పెద్ద మాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. డెబ్బై దాటిన మనిషి, బక్కపలచన, గొంతు ఎప్పుడూ పైకి లేవదు. దెబ్బ తగిలినావిడ వస్తోందా అని మాత్రం అడిగారు. వస్తోందని కోడలు చెప్పింది.

ఆ మాట అయ్యీ కాకముందే మెట్ల మీద చప్పుడైంది. బేకరీ ఆవిడ ఒక చంకన కర్ర, రెండో వైపు టైర్ల షాపాయన భుజం పట్టుకుని, మోకాలి దాకా కట్టుతో ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. మేం దబదబా గెంతినప్పుడల్లా టైర్ల షాపాయన కింద నుంచి పైకప్పుని చీపురుకర్రతో పొడుస్తాడు, పైన ఏనుగులకి పెళ్ళా అని కేకేస్తాడు. ఆయనే ఆవేళ ఆవిణ్ణి గుమ్మం దాకా చేర్చి, ఈ మూడు వారాలూ పైన ఏ చప్పుడూ లేక తనకి కునుకు పట్టడం మానేసిందని, త్వరగా ఏదో ఒకటి తేల్చమని పెద్ద మాస్టారితో అనేసి దిగిపోయాడు.

ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాం. పెద్ద మాస్టారు ఆరోజు జరిగింది చెప్పమన్నారు.

ఆవిడ దాచకుండా చెప్పింది. మొదటి తన్నుకి మడమ జివ్వుమంది. రెండోసారి ఇంకా గట్టిగా తన్నింది. మూడోసారికి తన ఒంట్లోనే బలం చాలట్లేదనుకుంది. నాలుగోసారి కళ్ళు మూసుకుని తన్నింది. నేర్పిన మా కోడలి తప్పేమీ లేదు, తెల్లవారకముందే లేచి పిండి పిసికే ఒళ్ళు, దానికి ఈ వయసులో నల్ల బెల్టు మీద ఆశ పుట్టడమే తప్పు అంది. నవ్వుతూ అనబోయింది కానీ నవ్వు రాలేదు.

మా కోడలు ఊరుకోలేదు. తప్పు నూటికి నూరుపాళ్ళూ తనదేనంది. పక్కకి తన్నే ఆ తన్ను నేర్పడంలోనే ఎక్కడో లోపం ఉందని, అది తన కంటికి ఆనలేదని, ఆవిడ కాదు తనే పరీక్షకి సిద్ధంగా లేదని అంది. కాదు నాదంటే నాదని ఇద్దరూ మొదలుపెట్టారు.

పెద్ద మాస్టారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "తప్పుకి ఇంత గిరాకీ ఎక్కడా చూడలేదు," అన్నారు. తరవాత నా వైపు తిరిగారు. "అమ్మా, ఆరోజు చెక్కల్లో ఒకటి తెచ్చిపెడతారా?"

స్టోరు గదిలోకి వెళ్ళాను. ఆ తలుపు దానంతటదే మూసుకుపోతూ ఉంటుంది. అందుకని కింద ఒక చెక్కముక్క అడ్డం పెట్టాను. పరీక్ష మర్నాడు పొద్దున ఊడుస్తుంటే బూట్ల అర కింద తువ్వాల్లో చుట్టి కనబడింది, విరిగిన సగం ముక్క. పిల్లలెవరో ఆడి పారేశారనుకుని తలుపుకి వాడుకుంటున్నాను.

పైఅరలో ఆ విడత చెక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. పైదానికి బేకరీ ఆవిడ మడమ తగిలిన నొక్కు ఇంకా ఉంది. ఆ కింద ఉన్నది తీశాను. రెండు చేతులతో పట్టుకున్నాను. మా బడిలో అదొక పద్ధతి, ఏ వస్తువైనా రెండు చేతులతో ఇవ్వాలి, రెండు చేతులతో పుచ్చుకోవాలి. చీపురైనా అంతే. కొత్తలో నాకు నవ్వొచ్చేది. తరవాత అలవాటై, ఇప్పుడు ఎవరైనా ఒంటిచేత్తో ఇస్తే విసిరినట్టే ఉంటుంది. ఈ మూడు వారాలుగా మా కోడలు నాకు టీ కప్పు అలాగే ఇస్తోంది, ఎడం చేత్తో, మొహం చూడకుండా. నా మీద ఏదో కోపం పెట్టుకుందని లోలోపల కుమిలిపోతున్నాను. అడగడానికి నోరు రాలేదు. మావాడితో చెబుదామంటే వాడు రైలు డ్రైవరు, ఇంట్లో ఉండేది తక్కువ, ఉన్నంతసేపూ నిద్ర.

చెక్క పట్టుకుని తలుపు దాటబోతుంటే కిటికీ ఎండ దాని మీద ఏటవాలుగా పడింది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

చెక్క మీద సన్నటి గీతలుంటాయి, చెట్టు పెరిగిన దారి అది. కట్టెలు కొట్టినవాళ్ళందరికీ తెలుసు, ఆ గీత వెంబడి చెక్క సులువుగా చీలుతుంది. గీతకి అడ్డంగా మాత్రం గొడ్డలికి కూడా ఒక పట్టాన లొంగదు. మా పరీక్ష చెక్క కొంచెం పొడుగ్గా ఉంటుంది. పట్టుకునేవాళ్ళు దాని రెండు పొట్టి అంచులూ పట్టుకుంటారు. గీతలు కూడా ఆ పొట్టి అంచులకి సమంగా ఉండాలి, అప్పుడు నడిమధ్య తన్నితే టప్పున రెండవుతుంది. నా చేతిలో ఉన్న చెక్కకి గీతలు పొడుగ్గా పోతున్నాయి.

ఎలా జరిగిందో ఆ క్షణంలోనే తెలిసిపోయింది. మా ఆయన కోసిచ్చిన మొదటి చెక్కే నాకు ఇప్పటికీ కొలత. టేపు చదవడం వచ్చాక కూడా దాన్నే అడితి నుంచి తెచ్చిన పొడుగు చెక్క పలక మీద పెట్టి చుట్టూ పెన్సిలు గీసి కోస్తాను. పలక మీద అది ఇమిడితే గీత కూడా సరిగ్గానే ఉంటుంది, ఇన్నేళ్ళూ అంతే. ఈసారి కలప అడితిలో వెడల్పు పలకలు అయిపోయాయి, ఇరుకువి ఇచ్చారు. కొలత చెక్క పెడితే పక్కకి వచ్చేస్తోంది. ఇటు తిప్పి పెట్టాను, అతికినట్టు సరిపోయింది. ముక్క వృథా కాకుండా ఎంత తెలివిగా సర్దానో అని మురిసిపోయాను కూడా. తరవాత ఎప్పటిలాగే పొట్టి అంచుల దగ్గర పట్టుకునే చోట్లు పెన్సిలుతో గుర్తుపెట్టాను. నా గుర్తు ఉంటే ఎవరూ మళ్ళీ తిప్పి చూడరు. తొమ్మిదేళ్ళుగా నా గుర్తు తప్పలేదు మరి.

ఆ పక్క అరలోనే పాత విడతలో మిగిలిన మంచి చెక్కలు రెండున్నాయి. చెయ్యి చాపితే అందుతాయి. వాటిలో ఒకటి పట్టుకెళ్ళి ఇస్తే ఆయన తట్టి చూస్తారు, బాగానే ఉందంటారు, నా సంగతి ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. వచ్చింది. ఎంతసేపు ఉందో చెప్పలేను. బల్ల మీద బోర్లా పడి ఉన్న ఫ్రేము వెనక అట్టా, కుర్చీలోంచి ముందుకి చాచి ఉన్న తెల్లటి కట్టూ కనబడుతున్నాయి. కోడలి వైపు చూసే ధైర్యం లేకపోయింది.

వెళ్ళి చెక్క పెద్ద మాస్టారి చేతుల్లో పెట్టాను. ఆయన దాన్ని తిప్పకముందే చెప్పేశాను.

"ఇది నేను తప్పు కోశానండీ. గీత అడ్డం తిరిగింది. మొత్తం పన్నెండూ ఇలాగే కోశాను. ఆవిడ కాలు విరిగింది నా వల్ల. మా కోడలికి దీనితో ఏ సంబంధమూ లేదు."

చెక్క మీద నా పెన్సిలు గుర్తులు వేలితో చూపించాను.

కింద షాపులో ట్యూబులోకి గాలి ఎక్కుతున్న చప్పుడు వినబడుతోంది. పెద్ద మాస్టారు చెక్కని వెలుతురు వైపు ఎత్తి, బొటనవేలితో ఆ కొస నుంచి ఈ కొసదాకా రాశారు. మళ్ళీ అడ్డంగా రాశారు. తరవాత లేచి మూలనున్న రెండు ఇటుకలు తెచ్చి, బేకరీ ఆవిడ కుర్చీ ముందు పొట్టి బల్ల మీద పెట్టారు. చెక్కని నా పెన్సిలు గుర్తుల ప్రకారం కాకుండా అటు తిప్పి, పొడుగు అంచులు ఇటుకల మీద ఆనేలా ఉంచారు.

కొట్టమని ఆవిడకి చెప్పారు. లేవక్కర్లేదు, కూర్చునే, అరచేతి మొదలుతో.

ఆవిడ నా వైపు చూసింది, కోడలి వైపు చూసింది. ఒంట్లో భయం తెలుస్తూనే ఉంది. మూడు వారాల కిందట దెబ్బ తిన్న మనిషి, మళ్ళీ అదే చెక్క ముందు. అప్పుడు మా కోడలు వెనక నుంచే మెల్లిగా లెక్క మొదలుపెట్టింది, రోజూ క్లాసులో లెక్కపెట్టినట్టే, కొరియా మాటల్లో. హనా. దుల్. సెట్.

మూడో అంకెకి ఆవిడ చెయ్యి దిగింది. చెక్క బిస్కెట్టులా రెండైంది. ముక్కలు రబ్బరు నేల మీద ఎగిరిపడ్డాయి.

ఆవిడ తన అరచెయ్యి తనే తిప్పి చూసుకుంది. అక్కడ చిన్న ఎరుపు తప్ప ఏమీ లేదు. "ఇంతేనా," అంది. "పెద్దమ్మా, ఇంతేనా? మూడు వారాల నుంచి పిండి పిసుకుతుంటే కూడా నా చేతులు నాకే పనికిమాలినవిగా కనిపిస్తున్నాయి." అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేను కట్టు ఉన్న కాలి దగ్గర కూలబడి ఆ పాదం పట్టుకున్నాను. ఆవిడ నా రెక్క పట్టి లేపుతూ, ఎముక డాక్టరు అతికించేశాడు, విరిగిన నా నమ్మకాన్ని మాత్రం మీరు తప్ప ఇంకెవరూ అతికించలేకపోయేవారు, కాబట్టి చెల్లుకి చెల్లు అంది. అయినా నన్ను ఊరికే వదలనని, కాలు బాగయ్యేదాకా రోజూ పొద్దున బేకరీకొచ్చి ట్రేలు తుడవాలని శిక్ష వేసింది. సరేనన్నాను. ఇప్పటికీ వెళుతున్నాను.

అప్పుడు ధైర్యం చేసి కోడలి వైపు చూశాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేదనుకున్నాను. అది గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది, మాస్టర్లు కూర్చోకూడని తీరులో, కాళ్ళు బారజాపుకుని.

"తొమ్మిదేళ్ళు తప్పు నేర్పానేమో అనుకున్నాను అత్తయ్యా," అంది. "నా దగ్గర నేర్చుకుని వెళ్ళినవాళ్ళందరినీ ఒక్కొక్కళ్ళనీ తలుచుకున్నాను. ఎవరి కాలు ఎక్కడ విరుగుతుందో అని."

"నన్ను ఒక్కమాట అను," అన్నాను.

"అంటాను. కాస్త ఆగండి. ముందు ఊపిరి పీల్చుకోనివ్వండి."

నిజంగానే పీల్చుకుంది, ఛాతీ నిండా. దాని మొహంలో అంత తేట చూసి ఎన్నాళ్ళయిందో. నాకూ గుండెల మీంచి ఏదో దింపినట్టయింది. తప్పు చేసి పట్టుబడ్డ మనిషికి ఇంత హాయి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. బేకరీ ఆవిడ సంచీలోంచి బన్నులు తీసింది. పత్రం పోతే ఓదార్పుగా పంచుదామని తెచ్చిందట. ఇప్పుడు వేరే పేరు పెట్టి తినేద్దామంది. పెద్ద మాస్టారు కూడా ఒకటి పుచ్చుకున్నారు, రెండు చేతులతో.

తింటూ ఆయన నన్నేమీ అనలేదు. ఇక మీద కొలత చెక్క మీద గీత ఎటుపోతుందో బాణం గుర్తు వేసుకోమన్నారు. కోసింది ఎవరైనా, తన్నబోయే ముందు చెక్కని వెలుతురులో చూడాల్సింది మాస్టరే అని కోడలికి చెప్పారు. ఆవిడ కాలు కుదురుకున్నాక పరీక్ష మళ్ళీ మొదటి నుంచి, తనే వచ్చి కూర్చుంటానన్నారు. ఆ తప్పుడు చెక్కలన్నీ ఈ పూటే బయట పడేయమన్నారు.

ఆ పనికి నేను ఆలస్యం చేయలేదు. స్టోరులోంచి చెక్కలు దించి లెక్కపెట్టాను. నొక్కు పడ్డదానితో కలిపి పది. ఇప్పుడు విరిగింది ఒకటి. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాను. కోసింది పన్నెండని నాకు బాగా గుర్తు. పెద్ద మాస్టారితో ఇందాకే పన్నెండని చెప్పాను కూడా.

"ఒకటి తగ్గింది," అన్నాను, పైకే.

పెద్ద మాస్టారు చేతులు దులుపుకుంటూ స్టోరు దగ్గరికి వచ్చారు. అరల వైపు చూడలేదు. వంగి, తలుపు కింద నేను అడ్డం పెట్టిన ముక్కని లాగారు. తలుపు మెల్లగా మూసుకుంది.

ఆ ముక్కని ఆయన తిప్పుతుంటే నేనూ చూశాను. మూడు వారాలుగా కాలితో తోస్తూ కూడా చూడలేదు. మామూలుగా విరిగిన చెక్క అంచు నున్నగా ఉంటుంది. దీని అంచు చింపిన గోనెసంచిలా పీచులు పీచులుగా, కోరలు కోరలుగా ఉంది. ఒక మూల గోధుమరంగు మరక. గీతకి అడ్డంగా విరిగింది. నాలుగు తన్నులకి లొంగనిదాని లాంటి చెక్కనే ఎవరో విరగ్గొట్టారు.

"దీన్ని ఎవరు విరిచారు?" అన్నారు పెద్ద మాస్టారు.

కోడలు ఎప్పుడు లేచిందో లేచి నిలబడి ఉంది. చేతులు మళ్ళీ వెనక్కి వెళ్ళాయి. పిల్లలెవరైనా అయ్యుంటారంది. పరీక్ష ఆగిపోయిన ఆ సాయంత్రం అందరూ ఆసుపత్రికి పరిగెత్తాక ఇక్కడ చివరిదాకా ఉన్నది ఎవరని ఆయన నన్ను అడిగారు. తాళం వేసింది కోడలే. నా కళ్ళు దాని వైపు తిరిగాయి. చెప్పక్కర్లేకపోయింది.

తన దెబ్బకి చెక్క విరిగితే, లోపం చెక్కలో లేదనుకుంటుంది మా కోడలు. చెక్కలో లేకపోతే తన చదువులోనే ఉందనుకుంటుంది. మూడు వారాలూ అది మోసిన బరువు ఎక్కడ మొదలైందో నాకు అప్పుడు తోచింది. దాంతోపాటు టీ కప్పూ తోచింది. ఎడం చేత్తో. ఒంటి చేత్తో. బొత్తాముల చొక్కాలు మానేసింది. తల దువ్వించుకోడానికి మావాడు ఇంటికొచ్చేదాకా ఆగుతోంది. నేను దాన్ని కోపం అనుకున్నాను.

పెద్ద మాస్టారు బల్ల దగ్గరికి వెళ్ళి ఫ్రేముని వెల్లకిలా తిప్పారు. అద్దం మీద దుమ్ము లేకపోయినా చొక్కా అంచుతో తుడిచారు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మా కోడలి ఎదురుగా వచ్చి నిలబడి, మా బడి పద్ధతిలోనే కాస్త వంగి ముందుకి చాచారు. బేకరీ ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఇంత మంచి క్షణానికి చప్పట్లు కొట్టాల్సింది, నా కళ్ళు మాత్రం కోడలి చేతుల మీదే ఉన్నాయి.

కోడలు వంగింది. ఎడం చెయ్యి ముందుకి చాచింది.

ఆయన ఫ్రేము వదల్లేదు. ఒక కొస ఆయన రెండు చేతుల్లో, ఇంకో కొస దాని ఒక్క చేతిలో.

"రెండోది కూడా ఇయ్యమ్మా," అన్నారు. గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. "పత్రం నీదే, ఎక్కడికీ పోదు. ఆ చెయ్యి చూసేదాకా మాత్రం నేను వదలను."

మా కోడలు నా వైపు చూసింది. తరవాత కుడి చొక్కా చెయ్యి, వేళ్ళ దాకా దిగి ఉన్నది, మెల్లగా పైకి లాగడం మొదలుపెట్టింది.

— చెక్కల మామ్మ. బడి పిల్లలు పెట్టిన పేరు, అదే ఖాయమైపోయింది. వయసు అరవై మూడు. ఇప్పుడు ఉంటున్నది టైర్ల షాపు పైన, హాలు వెనక గదిలో.